ఒంటరితనంలో ఏకాంత ప్రార్థన: ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

ఇప్పటికే ఒక్కరే ఉంటున్నారు, రోజు మొత్తం మీద ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడితే అదే గొప్ప, అలాంటప్పుడు ఎవరో వచ్చి "దేవునితో ఏకాంతంగా గడపండి" అంటే ఒళ్ళు మండుతుంది. మండటంలో తప్పేమీ లేదు. ఏకాంతం గురించి మనం వినే ప్రసంగాలు చాలావరకు ఊపిరి సలపని పనుల్లో ఉన్నవాళ్ళ కోసం చెప్పినవి. పని ఆపు, జనం నుంచి పక్కకు రా, తలుపు వేసుకో అంటారు. ఎవరైనా తలుపు తడితే బాగుండు అని చూస్తున్న మనిషికి ఆ సలహానే తీసుకెళ్ళి ఇస్తే ఏం ఉపయోగం?

అలాగని ఏకాంతం మీకు అక్కర్లేదని అనడం లేదు. మత్తయి 14వ అధ్యాయం తీయండి. బాప్తిస్మమిచ్చు యోహానును చంపించారన్న కబురు వినగానే యేసు దోనె ఎక్కి ఏకాంతంగా అరణ్య ప్రదేశానికి బయలుదేరాడు. జనం అక్కడికి కూడా వచ్చేశారు. వాళ్ళ మీద కనికరపడి రోగుల్ని బాగుచేసి, స్త్రీలు పిల్లలు కాక ఐదు వేల మంది పురుషులకు తిండి పెట్టి, అందర్నీ పంపించేసి, అప్పుడు కొండెక్కి ఒక్కడే ప్రార్థన చేసుకున్నాడు. దుఃఖం వచ్చిన రోజున ఆయన వెతుక్కున్నది అదే, సాయంత్రం దాకా దొరక్కపోయినా వదల్లేదు. కాకపోతే ఆయన జనంలోంచి పక్కకు వెళ్ళాడు, మీరు ఖాళీ ఇంట్లోంచి మొదలుపెడుతున్నారు. మీ దగ్గర ఒంటరి గంటలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి కొత్తగా సంపాదించాల్సింది లేదు, వాటిలో ఒక చిన్న ముక్కకి మొదలు, చివర పెట్టి, ఆ ముక్కలో దేవునికి ఎదురుగా కూర్చుని, అది అయ్యాక మనుషుల వైపు నడవాలి. ఆ చివరి మాట చాలామంది వదిలేస్తారు, అందుకే ఏకాంత ప్రార్థన చేస్తున్నామనుకుంటూ ఇంకా ముడుచుకుపోతారు.

ముందు ఒంటి సంగతి చూసుకోండి

1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త కథకి నేను మళ్ళీ మళ్ళీ వస్తాను, ఎందుకంటే మనకు కావలసింది దాదాపు అంతా అందులోనే ఉంది. యెజెబెలు రాణి చంపిస్తానని కబురు పంపితే ఆయన భయపడి బెయేర్షెబాకు పారిపోయాడు, తనతో ఉన్న పనివాణ్ణి అక్కడే వదిలేశాడు, ఒక్కడే ఒక రోజు ప్రయాణమంత దూరం అరణ్యంలోకి పోయి బదరీ చెట్టు కింద కూర్చుని "ఇంతమట్టుకు చాలును", నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయనకి ప్రసంగం చెప్పలేదు. నీ విశ్వాసం ఏమైంది అని అడగలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, తిను అన్నాడు, రొట్టె, నీళ్ళు తలదగ్గరే ఉన్నాయి. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ, గాలి, భూకంపం, మెల్లని స్వరం, మనం ప్రసంగాల్లో వినేవన్నీ 40 రోజుల తర్వాతి సంగతులు.

కాబట్టి మొదటి మెట్టు ఇది: ఈ వారం సరిగ్గా నిద్రపోతున్నారా, వేళకి తింటున్నారా అని నిజాయితీగా చూసుకోండి. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, లేవాలనే అనిపించకపోయినా, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఏకాంతాన్ని పక్కన పెట్టి ఈరోజే ఒక మనిషికి చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అది విశ్వాసం తక్కువై చేసే పని అని ఎవరైనా అంటే ఏలీయాకి రొట్టె పంపించింది ఎవరని ఆ అన్నవాళ్ళనే అడగండి. అలాగే మీ దగ్గరివాళ్ళు పోయి ఇంకా రోజులే అయితే ఇప్పుడు మీకు కావలసింది పక్కన కూర్చునే మనుషులు. యోబు స్నేహితులు తర్వాత ఎన్ని తప్పులు మాట్లాడినా, మొదటి ఏడు పగళ్ళు ఏడు రాత్రులు ఒక్క మాట కూడా అనకుండా ఆయనతో పాటు నేల మీద కూర్చున్నారు. ఆ పని మాత్రం సరిగ్గానే చేశారు.

పది నిమిషాలు, ఒక కుర్చీ

ఒంటరిగా ఉన్నవాళ్ళు మొదట్లో చేసే పొరపాటు, రేపటి నుంచి రోజూ గంట అని తీర్మానం చేసుకోవడం. గంట చాలా ఎక్కువ. మూడో రోజుకే ఆ గంటలో సగం పాత గాయాలు తవ్వుకోవడంలో పోతుంది. పది నిమిషాలతో మొదలుపెట్టండి, టైమర్ పెట్టండి, మోగగానే లేవండి, ఇంకొంచెం కూర్చోవాలనిపించినా లేవండి. ముగింపు ఉందని తెలిస్తే ఎంత బరువైన మాటనైనా తీసి బయట పెట్టే ధైర్యం వస్తుంది.

ఏ టైము? మీకు అన్నిటికంటే దిగులుగా అనిపించే టైము మాత్రం వద్దు. చాలామందికి అది రాత్రి పడుకోబోయే ముందు, లేదా ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ వాళ్ళ వాళ్ళ కుటుంబాలతో వెళ్ళిపోయాక మిగిలే మధ్యాహ్నం. ఆ గంటల్లో ఎవరితోనైనా ఉండే ఏర్పాటు చేసుకోండి, ఏకాంతాన్ని కాస్త బలం ఉన్న వేళకి మార్చండి. మార్కు 1:35లో ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి వెళ్ళాడని ఉంది, తెల్లవారుజాము చాలామందికి కుదురుతుంది. అప్పుడే దిగులు ఎక్కువయ్యేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు పదకొండు గంటలకి కూర్చున్నా దేవుడు అభ్యంతరం చెప్పడు.

చోటు విషయానికొస్తే "నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి" అని మత్తయి 6:6లో ఉన్న మాట అందరికీ తెలిసిందే. గది లేనివాళ్ళు, నలుగురితో గది పంచుకుంటూ కూడా ఒంటరిగా ఉన్నవాళ్ళు, మేడ మీదో, మెట్ల మీదో, మందిరం తెరిచి ఉంటే వెనక బల్ల మీదో కూర్చోవచ్చు. నడుస్తూ కూడా చేయవచ్చు. రోజూ ఒకే చోటైతే మంచిది. మీరు రోజంతా పడుకుని ఫోన్ చూసే మంచం మాత్రం వద్దు.

ఫోన్, పాటలు, మెసేజ్‌లు

ఫోన్ వేరే గదిలో పెట్టండి. సైలెంట్‌లో పెట్టి పక్కన పెట్టుకోవడం లెక్కలోకి రాదు, ఒంటరిగా ఉన్నవాళ్ళకి ఆ ఫోనే కిటికీ, ఎవరైనా గుర్తు చేసుకున్నారేమో అని చూసే కిటికీ. ఇది కొత్త జబ్బు అనుకోకండి. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో బతికిన ఎవాగ్రియస్ అనే సన్యాసి, గదిలో ఒక్కడే కూర్చున్నవాడికి మధ్యాహ్నం పూట పట్టుకునే విసుగు గురించి రాశాడు: పొద్దు కదలనట్టు ఉంటుంది, పగటికి యాభై గంటలున్నట్టు ఉంటుంది, మాటిమాటికీ కిటికీ వైపు చూపు పోతుంది, ఏ సహోదరుడైనా వస్తున్నాడేమో అని ఇటూ అటూ చూడాలనిపిస్తుంది. పదహారు వందల ఏళ్ళ కిందటి మనిషి మన చెయ్యి ఫోన్ కోసం తడుముకోవడాన్ని ఎంత సరిగ్గా పట్టుకున్నాడో! టైమర్ కోసం ఫోన్ కావాలంటారా, మామూలు అలారం గడియారం వాడండి.

ఇంకో మాట, దీనికి కొంతమందికి కోపం రావచ్చు. ఆ పది నిమిషాలు క్రైస్తవ పాటలు, ప్రసంగాలు కూడా ఆపేయండి. వాటి టైములో అవి మంచివే. కానీ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే భయం వేసి పొద్దున్నుంచి రాత్రి దాకా ఏదో ఒక ఆరాధన వీడియో మోగుతూ ఉంచడం మనలో చాలామందికి అలవాటు. అలా చేస్తే లోపల ఉన్న బాధ ఒక్కసారి కూడా నోరు విప్పే అవకాశం ఉండదు, మీరు దాన్ని దేవునికి చెప్పే అవకాశమూ ఉండదు.

కూర్చున్నాక ఏం చేయాలి

మొదటి నిమిషం ఏమీ చేయకండి. కాళ్ళు నేల మీద ఆనించి, ఊపిరి మామూలుగా తీసుకుంటూ, "ప్రభువా, నేనిక్కడున్నాను, నువ్వూ ఉన్నావు" అనండి. మనసు నిలవకపోతే ఒక చిన్న ప్రార్థన ఊపిరితో కలిపి మెల్లగా అనుకోండి. యెరికో దారి పక్కన గుడ్డి బిచ్చగాడు బర్తిమయి అరిచిన "యేసూ, నన్ను కరుణింపుము" అన్న మాట చాలు. తూర్పు సంఘాల సన్యాసులు ఇలాంటి చిన్న ప్రార్థననే శతాబ్దాలుగా రోజంతా చేస్తూ వచ్చారు.

ఆ తర్వాతే అసలు పని. మీ ఒంటరితనాన్ని దేవునికి చెప్పాలి, అదీ పేర్లతో సహా. "ప్రభువా, నా బాధ నీకు తెలుసు కదా" అని పైపైన అనేసి దాటిపోకండి. ఎవరు గుర్తొస్తున్నారు, ఎవరు ఫోన్ ఎత్తడం మానేశారు, ఎవరి పెళ్ళికి మిమ్మల్ని పిలవలేదు, పిల్లలు ఎన్నాళ్ళయింది మాట్లాడి, భర్త పోయాక సంఘంలో జంటల కూడికకి వెళ్ళాలంటే ఎక్కడ కూర్చోవాలో తెలియకపోవడం, వీటిలో మీది ఏదో అది చెప్పండి. మాటలు రాకపోతే కీర్తనలు అరువు తెచ్చుకోండి. 102వ కీర్తనలో ఒకాయన రాత్రంతా నిద్ర లేక ఇంటి మీద ఒంటిగా ఉన్న పిచ్చుకలా ఉన్నానంటాడు. 142లో నన్ను ఎరిగినవాడు ఒక్కడూ లేడంటాడు. 88వ కీర్తన అయితే ఎక్కడా తేరుకోదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతోనే ముగిసిపోతుంది, చివర్లో స్తోత్రం లేదు, హల్లెలూయ లేదు. అది కూడా ప్రార్థనే అని బైబిల్లోనే పెట్టారు. మీ ప్రార్థన కూడా అలాగే ముగిస్తే ఏమీ కాదు, బలవంతంగా ఒక సంతోషపు మాట తగిలించకండి. ఒక కీర్తన ఎంచుకుని పైకే చదవండి. ఖాళీ ఇంట్లో మీ గొంతు మీకు వినబడటం మొదట్లో వింతగా ఉంటుంది, అయినా పైకే చదవండి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చెప్పుకోవడం ఎప్పుడు నెమరు వేయడంగా మారిపోతుందో మనకి తెలియదు. మోకాళ్ళ మీదే ఉంటాం, కళ్ళు మూసుకునే ఉంటాం, కానీ తలలో నడుస్తున్నది ఎవరితోనో జరిగిన గొడవ, అన్నయ్యకి చెప్పాల్సిన సమాధానం, పాస్టర్ గారు ఆ రోజు పలకరించకుండా వెళ్ళిపోవడం. పది నిమిషాలయ్యాక లేస్తే ముందుకంటే ఎక్కువ కోపంగా ఉంటాం. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది: ఇప్పుడు నేను ఎవరితో మాట్లాడుతున్నాను? "వాళ్ళు నన్ను పిలవలేదు" అని మీలో మీరు అనుకుంటున్నారా, "తండ్రీ, వాళ్ళు నన్ను పిలవలేదు, నాకు చాలా చిన్నతనంగా అనిపించింది" అని ఆయనతో అంటున్నారా? మొదటిది ఎన్నిసార్లు తిప్పినా అక్కడే ఉంటుంది. రెండోది చెప్పాక ఆయన జవాబు కోసం ఒక్క క్షణమైనా ఆగాల్సి వస్తుంది. నెమరు వేస్తున్నానని గుర్తించిన ప్రతిసారీ మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా అదే వాక్యాన్ని ఆయన వైపు తిప్పి మళ్ళీ చెప్పండి, అంతే. పది నిమిషాల్లో ఇరవై సార్లు తిప్పాల్సి వచ్చినా అది మంచి ప్రార్థనే. రాసుకునే అలవాటు ఉంటే ఇది ఇంకా తేలిక, ఎందుకంటే కాగితం మీద ఉత్తరంలా "ప్రభువా" అని మొదలుపెడితే వాక్యం దానంతటదే ఆయన వైపు తిరుగుతుంది.

చెప్పడం అయ్యాక కాసేపు ఊరుకోండి. ఎక్కువసార్లు ఏమీ వినబడదు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే సాక్ష్యాల్లో అందరూ "దేవుడు నాతో అన్నాడు" అనేవే వింటాం, మనకి వినబడకపోతే మనలోనే ఏదో లోపం ఉందని టెన్షన్ పడతాం. మౌనంగా ఆయన దగ్గర కూర్చోవడమే ఆ రెండు నిమిషాల పని. ఒకవేళ ఏదైనా గట్టిగా అనిపించినా, పెళ్ళి గురించి, ఉద్యోగం మానేయడం గురించి, సంఘం మారడం గురించి అయితే మాత్రం ఒంటరిగా ఉన్న మనసు వేసే ఊహలకి దేవుని పేరు పెట్టేయకండి. వాక్యంతో సరిచూసుకుని, నమ్మకమైన ఒక పెద్ద విశ్వాసితో మాట్లాడి, నెమ్మదిగా అడుగు వేయండి.

చివర్లో చిన్న వాక్యభాగం. రోజూ కొత్త అధ్యాయం అక్కర్లేదు, వారమంతా ఒకే కథ తీసుకున్నా చాలు. వాగ్దాన వచనాలు ఏరుకోవడం కంటే ఒంటరిగా మిగిలిన మనుషుల కథలు చదవడం మంచిదని నా అభిప్రాయం. ఆదికాండము 16లో హాగరు ఉంది. యజమానురాలి బాధ పడలేక పారిపోయిన గర్భిణి, నీళ్ళ బుగ్గ దగ్గర ఒక్కతే. దేవుని దూత ఆమెను పేరు పెట్టి పిలిచి, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు అని అడుగుతాడు. ఆమె దేవునికి "చూచుచున్న దేవుడవు" అని పేరు పెట్టింది. ఆ రెండు ప్రశ్నలు మిమ్మల్ని అడుగుతున్నట్టు చదివి, ఒక్కోదానికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పి చూడండి. ఆదికాండము 32లో రాత్రంతా పెనుగులాడిన యాకోబు మరో వారానికి పనికొస్తాడు.

టైమర్ మోగింది, ఇప్పుడు మనుషులు

హోరేబులో దేవుడు "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అని రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ ఏలీయా ఒకే జవాబు చెప్పాడు: నేను ఒక్కణ్ణే మిగిలాను. అంత గొప్ప ఏకాంతం, దేవుని స్వరం వినబడిన ఏకాంతం కూడా ఆయన ఆ మాట మార్చలేకపోయింది. అప్పుడు దేవుడు, తిరిగి వెళ్ళు, చేయాల్సిన పనులున్నాయి, ఎలీషాను అభిషేకించు, బయలు అనే అన్యదేవతకు మోకాలు వంచనివాళ్ళు ఇశ్రాయేలులో ఇంకా 7,000 మంది ఉన్నారు అన్నాడు. పనివాణ్ణి వదిలేసి వెళ్ళిన మనిషి ఎలీషాని వెంటబెట్టుకుని తిరిగాడు. నాకు మనుషులు అక్కర్లేదు, దేవుడు చాలు అని ఎంత భక్తిగా అన్నా ఆ దేవుడు మాత్రం మనల్ని మళ్ళీ మనుషుల దగ్గరికే పంపిస్తాడు. నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదని మొదట అన్నదీ ఆయనే కదా. గెత్సేమనేలో ప్రభువు సైతం ముగ్గుర్ని వెంట తీసుకెళ్ళి నాతో కూడ మెలకువగా ఉండండి అని అడిగాడు. వాళ్ళు నిద్రపోయారు, అది వేరే సంగతి.

అందుకని టైమర్ మోగాక ఫోన్ తీసుకుని ఒక్క మనిషికి ఒక్క మెసేజ్ పెట్టండి, లేదా కాల్ చేయండి. స్టేటస్ పెట్టడం కాదు, ఒక మనిషికి. సంఘంలో మీలాగే ఒక్కరే ఉంటున్నవాళ్ళు తప్పకుండా ఉంటారు, ఈరోజు ప్రార్థనలో మీరు గుర్తొచ్చారు అంటే చాలు. కొన్ని రోజులు ఇచ్చేవైపు ఉండి, కొన్ని రోజులు అడిగేవైపు ఉండండి. అడగడం మనకి ఇంకా కష్టం. 2 తిమోతి 4లో చెరసాల్లో ఉన్న పౌలుని చూడండి, మొదటి విచారణలో ఎవరూ నా పక్షాన నిలవలేదు, ప్రభువే నా ప్రక్క నిలిచాడు అని రాసిన అదే ఉత్తరంలో, త్వరగా రా, చలికాలం రాకముందే రా, వచ్చేటప్పుడు త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ, పుస్తకాలు పట్టుకురా అని తిమోతిని బతిమాలాడు. ప్రభువు పక్కనే ఉన్నాడు, అయినా స్నేహితుడు కావాలి, అంగీ కావాలి. మీ వాక్యం కూడా అంత సూటిగా ఉండొచ్చు: "శనివారం ఖాళీగా ఉంటే ఒక గంట మా ఇంటికి రాగలరా?" రాలేమంటే ఇంకొకర్ని అడగండి.

ఇది చెప్పినప్పుడు, పూర్వం సన్యాసులు ఒక్కళ్ళే ఉన్నారు కదా అని కొంతమంది అంటారు. 1084లో బ్రూనో ఫ్రాన్సు కొండల్లో మొదలుపెట్టిన కార్థూసియన్ సన్యాసులు రోజులో ఎక్కువ భాగం ఒక్కొక్కరూ తమ గదిలోనే గడుపుతారు, తిండి కూడా చాలావరకు అక్కడే. ఆ నియమంలో కూడా రాత్రి ప్రార్థనకి అందరూ ఒకచోట కలుస్తారు, వారానికోసారి కలిసి కొన్ని గంటలు మాట్లాడుకుంటూ నడకకి వెళ్తారు. అంత కఠినంగా ఉండేవాళ్ళే కలుస్తున్నారు, మీరూ నేనూ ఆదివారం ఆరాధన మానేసి ఇంట్లో దేవునితో ఏకాంతంగా ఉన్నామనడం కుదరదు.

మధ్యలో వచ్చే ఇబ్బందులు

ఏడుపొస్తే ఏడవండి, ఆపుకోవద్దు. నిద్రొస్తే నిద్రపోండి, అది అవసరమై వచ్చి ఉంటుంది. పాత పాపాలు గుర్తొచ్చి నలిపేస్తుంటే దేవుని దగ్గర ఒప్పుకోండి, అప్పటికీ వదలకపోతే యాకోబు పత్రిక 5:16 చెప్పినట్టు నమ్మకమైన ఒకరి దగ్గర చెప్పి ప్రార్థన చేయించుకోండి, ఒక్కరే మోయకండి. బోర్ కొడితే అది మామూలే, పైన ఎవాగ్రియస్‌ని చూశారు కదా, లేవకుండా కూర్చుంటే చాలు. ఒక రోజు తప్పిపోతే మర్నాడు ఇరవై నిమిషాలు కూర్చుని లెక్క సరిచేయకండి.

రెండు మూడు వారాలు గడిచాక ఒకసారి చూసుకోండి. ఒంటరితనం తగ్గిందా అని చూడొద్దు, అది అంత తొందరగా తగ్గదు. ఆ పది నిమిషాలు అయ్యాక మనుషుల్ని పలకరించాలనిపిస్తోందా, తప్పించుకోవాలనిపిస్తోందా అన్నది చూడండి. పలకరించాలనిపిస్తుంటే పదిహేనుకి, తర్వాత ఇరవైకి పెంచండి, ఎప్పుడైనా ఒక పూట పూర్తిగా కేటాయించుకోవచ్చు, కాకపోతే ఆ రోజు సాయంత్రం ఎవరితో కలిసి భోంచేయాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. తప్పించుకోవాలనిపిస్తుంటే ఐదు నిమిషాలకి తగ్గించి, మిగతా ఐదు నిమిషాలు ఇంకొకరితో కలిసి, ఫోన్‌లో అయినా సరే, ప్రార్థన చేయండి.